రెండో చక్రం

ఫిబ్రవరి 8, ఆదివారం

గెలిచాం! రెండు ఒకటి. పదకొండు మ్యాచ్‌ల తరవాత మొదటి గెలుపు.

 గ్యాలరీలో ఈల మాస్టారు నా భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, మా అభిమానుల సంఘానికి అధ్యక్షుడు, డెబ్భై దాటిన మనిషి. మా హాకీ జట్టు అమ్మాయిలు గోల్ కొడితే రెండు వేళ్ళు నోట్లో పెట్టి రెండు ఈలలు వేస్తాడు. ఇవాళ రెండో గోల్‌కి ఊపిరి చాలక ఈల రాలేదు. "సెక్రటరీ గారూ, ఇంక నేను పోయినా ఫర్లేదు," అన్నాడు. "తొందరేముంది మాస్టారూ, ముందు మన జట్టుని లీగులో ఉండనివ్వండి," అన్నాను.

చక్రం వంతు కూడా ఇవాళ నాదే. హాఫ్‌టైమ్‌లో, బంతి జారాలని టర్ఫ్ తడిపేటప్పుడు పంపు గది దగ్గర మొదటి చక్రం పంపు బాబాయి తిప్పుతాడు, అవతలి సగానికి నీళ్ళు వదిలే రెండో చక్రం మా సంఘంలో ఒకరు తిప్పుతారు. బయటివాళ్ళు ఆ చాయలకే వెళ్ళకూడదని రూలు. కానీ మా చెయ్యి పడితే రెండో సగంలో గోల్ పడుతుందని నా చిన్నప్పటి నుంచీ నమ్మకం. మూడేళ్ళ తరవాత మళ్ళీ చీటీల్లో నా పేరు వచ్చింది. వచ్చిన రోజే గెలిచాం. ఇక నా గొప్ప నేను చెప్పుకోకూడదు.

చక్రం మధ్యలో బిగుసుకుపోయింది. పన్నెండు చుట్లు తిరగాల్సింది రెండు చుట్లకే ఆగింది. స్కోరు బోర్డు వైపు నీళ్ళు సన్నగా పడ్డాయి. పాత ఇనుము.

వాళ్ళ ఏడో నంబరు అమ్మాయి మా గోల్ ముందు మలుపు తిరగబోయి పడిపోయింది. మోకాలు మెలిపడింది, తన కర్రే మూతికి తగిలింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. పాపం.

ఫిబ్రవరి 9, సోమవారం

ల్యాబులో అందరికీ స్వీట్లు పంచాను. ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను, ఇంత హుషారుగా ఏనాడూ పని చేయలేదు. మా కెప్టెన్ నవ్వితే ఎడమవైపు మెరిసే పన్ను నేను చేసిందే. నిన్న ఆ పన్ను పేపర్లో ఫొటోకెక్కింది. కత్తిరించి నా బల్ల ముందు అంటించుకున్నాను.

సాయంత్రం అక్క డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతూనే అంది: "మీ వాళ్ళు గెలిచారటగా."

"అవును!"

"పడిపోయిన పిల్ల మా ఎముకల వార్డుకే వచ్చింది. లిగమెంట్ తెగింది. ఇరవై ఒక్కేళ్ళు. మళ్ళీ ఆడుతుందో లేదో డాక్టరుగారు చెప్పలేకపోతున్నారు."

"ఆటన్నాక దెబ్బలు మామూలే అక్కా."

"తగిలినవాళ్ళకి కాదు," అని స్నానానికి వెళ్ళిపోయింది. అక్కకి హాకీ అంటే మొదటి నుంచీ గిట్టదు.

ఫిబ్రవరి 11, బుధవారం

టర్ఫ్ ఒక వైపు ఎండి ఉందని అవతలి జట్టు లీగుకి ఫిర్యాదు చేసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఆ అమ్మాయి పడినప్పుడు అంపైరు రెండు వైపులా నేల మీద టిష్యూ కాగితం అద్ది చూశాడట. ఒకటి తడిసింది, ఒకటి తడవలేదు.

ఇవాళ లీగు మనిషి వచ్చి పంపు గది తనిఖీ చేశాడు. రెండో చక్రం వేలితో తిప్పితే తిరిగిందట. తిరుగుతుంది మరి. పాత ఇనుము ఒక రోజు బిగుస్తుంది, ఒక రోజు వదులవుతుంది. మనుషులే అలా ఉన్నప్పుడు చక్రాన్ని అని ఏం లాభం.

ఫిబ్రవరి 14, శనివారం

శిక్ష వచ్చింది. ఆదివారం గెలుపు రద్దు. దాని మీద తొమ్మిది పాయింట్ల కోత. పద్నాలుగు ఉన్నవాళ్ళం రెండుకి దిగాం, అంటే అందరి కన్నా అడుగున. మన గ్రౌండులో మిగిలిన మ్యాచ్‌లన్నీ ప్రేక్షకులు లేకుండా ఆడాలి. కావాలని నీళ్ళు ఆపాడని పంపు బాబాయిని సస్పెండ్ చేశారు.

దర్జీ షాపు పైగదిలో మీటింగు. నలభై మందికి సరిపోయే గదిలో వంద మంది దూరారు, మిషన్ల మీద కూడా కూర్చున్నారు. నోరున్నవాడు నోరున్నంత మేర అరిచాడు.

"ఇంత లీగులో వీళ్ళకి మనమే దొరికామా?"

"పెద్ద జట్ల జోలికి పోరు. కింద పడ్డవాణ్ణే తొక్కుతారు."

దర్జీ మెల్లగా అన్నాడు: "ఒకవేళ బాబాయి మన కోసమే ఆపాడేమో. అదే నిజమైతే ఆయనకి దండం పెట్టాలి." కొందరు నవ్వారు. ఈల మాస్టారు బల్ల మీద చరిచాడు. "ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాం ఆయన్ని. ఇంకోసారి ఆ మాటంటే నేను లేచిపోతా."

అప్పుడు అందరూ నా వైపు చూశారు. ఆ రోజు వంతు నాదని వాళ్ళకి తెలుసు కదా.

"ఏమైందమ్మా ఆ రోజు?"

"బిగుసుకుపోయింది మాస్టారూ. ఎంత లాగినా రాలేదు." ఎవరూ అడక్కుండానే అరచెయ్యి చాపి, "ఇదిగో, కంది కూడా పోయింది," అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. కానీ వాళ్ళెవరూ అలా అనుకోలేదు. "నీ మాట చాలు," అన్నాడు మాస్టారు. చక్రం ఆనవాయితీ సంగతి బయటపెట్టకూడదని తీర్మానం చేసుకున్నాం. బయటపడితే బాబాయి మీద అదొక నేరం. చక్రం పాతది, తరచూ బిగుసుకుపోతుంది, విచారించి శిక్ష ఎత్తెయ్యండి అని అప్పీలు రాయాలి. రాసే పని నాది, సెక్రటరీని కదా.

ఫిబ్రవరి 15, ఆదివారం

అప్పీలు రాశాను. రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. చదువుతూ ఈల మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.  ఎంత అన్యాయం జరిగిందో రాస్తుంటే గాని తెలియలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

చక్రం బిగుసుకుపోయింది.

ఫిబ్రవరి 18, బుధవారం

పంపు బాబాయి ఇంటికి వెళ్ళాను. సంఘం తరఫున ధైర్యం చెప్పాలని. బాబాయి వరుసకేం కాడు, గ్రౌండులో అందరికీ బాబాయే. నేను ఎనిమిదేళ్ళ పిల్లగా నాన్న వేలు పట్టుకుని వచ్చినప్పుడు పంపు గది గుమ్మంలో కూర్చోబెట్టుకుని ప్రెజర్ ముల్లు చూడడం నేర్పింది ఆయనే. అప్పటికి ఆయనింకా హెల్పరు.

వరండాలో కూర్చుని ఇంట్లో కొళాయి విప్పి వాషర్ మారుస్తున్నాడు. కారడం లేదు, అయినా మారుస్తున్నాడు. పిన్ని టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నాతో మాట్లాడలేదు.

"నాలుగు వందల సంతకాలు అయ్యాయి బాబాయ్. శిక్ష ఎత్తేస్తారు, చూస్తూ ఉండు."

"ఊఁ."

"చక్రం పాతదని రాశాం."

ఆయన వాషర్ వేలికి తొడుక్కుని దాన్నే చూస్తూ అన్నాడు: "మ్యాచ్‌కి ముందు శుక్రవారమే గ్రీజు పెట్టానమ్మాయ్."

  ఆ రోజు ఆయన పంపు గది లోపల ఉన్నాడు, ప్రెజర్ ముల్లు ఎదురుగా. చక్రం తెరిస్తే ముల్లు దిగుతుంది, తెరవకపోతే దిగదు. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి.

టీ సగంలో వదిలేసి వచ్చాను. చక్కెర ఎక్కువైంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

ప్రేక్షకులు లేని మొదటి మ్యాచ్. ప్రేక్షకులు లేకపోవడమేమిటి, రెండు వందల మందిమి గోడ బయట నిలబడ్డాం. గోడ రెండు నిలువుల ఎత్తు. గేటు దగ్గర కాపలా. ఎవరూ కనిపించరు, చప్పుళ్ళే వినిపిస్తాయి. కర్రకి బంతి తగిలితే ఒక చప్పుడు, బంతి గోల్ వెనక చెక్కకి తగిలితే ఇంకో చప్పుడు. ఈల మాస్టారు గోడకి చెవి ఆనించి కామెంటరీ చెబుతున్నాడు: "కెప్టెన్ దగ్గరుంది బంతి. ఆ అడుగులు కెప్టెన్‌వే." ఎవరడుగులో ఎలా తెలుస్తుందని అడిగితే కొట్టేలా ఉన్నాడు.

మూడో క్వార్టరులో చెక్క ఠప్పున మోగింది. అంతే! మేమంతా ఎగిరాం, ఒకరినొకరు వాటేసుకున్నాం, మాస్టారు రెండు ఈలలు వేశాడు. రోడ్డు మీద బస్సు ఆగింది. తరవాత లోపలి నుంచి మైకులో చెప్పారు. గోల్ వాళ్ళది. లోపల ఆడుతున్న మా అమ్మాయిలు, తమ మీద గోల్ పడగానే గోడ అవతల మేము కేరింతలు కొట్టడం విన్నారు.

మూడు సున్నా. ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా విడిపోయాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఆసుపత్రి నుంచి పని వచ్చింది. ప్లాస్టర్ అచ్చు, పై పళ్ళ వరస. ముందు పన్ను విరిగింది, కొత్తది కావాలి. చీటీ మీద వార్డు నంబరు చూశాను, అక్క పనిచేసే వార్డే. వయసు చూశాను. ఇరవై ఒకటి.

ఈ పని ఇంకొకరికి ఇవ్వమని ఓనరుని అడిగాను. "ముందు పన్ను నువ్వు కాక ఎవరు చేస్తారు?" అన్నాడు.

మధ్యాహ్నమంతా ఆ అచ్చు నా బల్ల మీదే ఉంది. చిన్న నోరు. పై పళ్ళు రెండు ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కి ఉన్నాయి. పళ్ళు బిగించే అలవాటున్న పిల్ల, అంచులు అరిగాయి. మైనంతో పన్ను మలిచాను, కుదరలేదు. మళ్ళీ మలిచాను. మూడోది కూడా చెరిపేశాను. నా చేతికి ఇలా ఎప్పుడూ కాలేదు. గోడ మీద కెప్టెన్ ఫొటో తీసి సొరుగులో పెట్టాను.

ఫిబ్రవరి 26, గురువారం

రంగు సరిచూడడానికి ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు. కిటికీ పక్క మంచం. కాలికి తొడ దాకా పట్టీ. నేను పళ్ళ రంగుల నమూనాలు ఒక్కొక్కటీ ఆమె పెదవి దగ్గర పెట్టి చూస్తుంటే నోరు తెరుచుకుని బుద్ధిగా కూర్చుంది. అయ్యాక అడిగింది:

"మీరు మ్యాచ్‌లు చూస్తారా ఆంటీ?"

"అప్పుడప్పుడూ," అన్నాను.

"నాకు మీ గ్రౌండంటే భలే ఇష్టం. బాగా తడుపుతారు, బంతి జారుకుంటూ పోతుంది. ఆ రోజు ఎండిపోయిందని మా వాళ్ళు గొడవ చేస్తున్నారు గాని, తప్పు నాదే అనుకుంటా. నేనే కాలు తప్పు వేసి ఉంటా. పడుకున్నప్పుడల్లా ఆ అడుగే గుర్తు చేసుకుంటున్నా. ఎక్కడ పొరపాటు చేశానో దొరకట్లేదు."

"దొరకదమ్మా," అన్నాను.

"ఏంటి?"

"నోరు ఇంకొంచెం తెరువమ్మా, అన్నాను."

రంగు అప్పటికే తేలిపోయింది. అయినా ఇంకో పది నిమిషాలు నమూనాలు తిప్పుతూ నిలబడ్డాను. గుమ్మంలో అక్క నన్నే చూస్తోంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

రెండు చుట్లు తిప్పి చేతులు తీసేశాను.

రాశాను, అయిపోయింది. ఇది చదివేది నేనే కదా, ఎవరికి భయపడి ఇన్నాళ్ళు రాయలేదో తెలియదు.

చక్రం వెన్నలా తిరిగింది. మొదటి సగంలో ఒకటి సున్నాతో వెనకబడ్డాం. పన్నెండో ఓటమి కళ్ళ ముందుంది. వాళ్ళ బలమంతా చిన్న చిన్న పాసులు, నేల తడిగా ఉంటేనే అవి పారతాయి. రెండో సగంలో వాళ్ళు దాడి చేసేది స్కోరు బోర్డు వైపే. ఎండకి ఆ నేల అప్పటికే ఆరిపోతోంది. ఇదంతా ఒక్క క్షణంలో తట్టింది. రెండు చుట్లకి ఆగాను. నీళ్ళు వంగి దగ్గర్లోనే పడ్డాయి. మూడు నిమిషాలు అలాగే నిలబడి, బలంగా తిప్పుతున్నట్టు భుజాలు కదిలించాను. ఎవరూ చూడ్డం లేదు, అయినా కదిలించాను.

బంతి ఆగుతుందనుకున్నాను. ఎండిన టర్ఫ్ కాలిని కూడా పట్టేస్తుందని నాకు తెలియదా? ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదని రాయబోయాను. వచ్చింది.

మార్చి 1, ఆదివారం

పొద్దున్నే బాబాయి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసు కదా బాబాయ్. ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను పంపు దగ్గరికి రానిచ్చింది నేనే. నా తప్పు నాకుంది." మళ్ళీ ఆయనే అన్నాడు: "ఉద్యోగం పోతే పోనీలే తల్లీ, ఎనిమిది నెలల్లో ఎటూ దిగిపోయేవాణ్ణి. కానీ ఇరవై ఆరేళ్ళు ఆ నేల తడిపాను. ఎండబెట్టాడు అంటున్నారు చూడు, అదొక్కటే మింగుడు పడట్లేదు."

లోపల పిన్ని ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. అంటే ఆవిడకీ తెలుసు.

"మంగళవారం విచారణలో చెబుతాను."

"మీవాళ్ళు నిన్ను బతకనిస్తారా?"

"ఏమో."

ఆయన వద్దనలేదు. వద్దంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

మార్చి 3, మంగళవారం

లీగు ఆఫీసు. పొడుగు బల్ల, అవతల ముగ్గురు, మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఇవతల మేము పన్నెండు మంది. ఈల మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు వందల పన్నెండు సంతకాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివర కుర్చీలో బాబాయి.

"సెక్రటరీ మీరేనా? చదవండి," అంది పెద్దావిడ.

లేచాను. మొదటి పేరా చదివాను. రెండో పేరాలో 'సదరు చక్రం పాతది కావడం వలన తరచుగా బిగుసుకుపోతూ' దాకా వచ్చి ఆగాను. మాస్టారు అక్షరం కనబడలేదేమోనని తన కళ్ళజోడు తీసి నాకిచ్చాడు.

"ఇది అబద్ధమండి," అన్నాను. "రాసింది నేనే. ఆ రోజు చక్రం నా చేతిలో ఉంది. బాగానే తిరిగింది. నేనే ఆపాను. బాబాయికి సంబంధం లేదు. నన్ను ముట్టుకోనివ్వడం ఒక్కటే ఆయన చేసిన తప్పు. వీళ్ళెవరికీ తెలియదు."

"ఎందుకాపారు?"

పెద్ద జవాబే అనుకుని వచ్చాను. నోట్లోంచి వచ్చింది ఇంతే: "ఓడిపోతున్నామండి."

వెనక కుర్చీలు లేచిన చప్పుడు. తలుపు చప్పుడు. నేను కూర్చునే సరికి నా వెనక మాస్టారు, బాబాయి తప్ప ఎవరూ లేరు. మాస్టారు కళ్ళజోడు ఇంకా నా చేతిలోనే ఉంది.

మార్చి 5, గురువారం

కళ్ళజోడు కోసం, సంఘం రిజిస్టరు కోసం ఈల మాస్టారు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ రోజు నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు మాస్టారూ."

"దాన్ని కూడా తీసేసుకున్నావమ్మా."

రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. పాయింట్లు పోయినందుకు తిట్టి ఉంటే పడేదాన్ని.

మార్చి 10, మంగళవారం

నిర్ణయం వచ్చింది. పాయింట్ల కోత అలాగే ఉంది, అంటే కింది లీగుకి పోవడం ఖాయం. సంఘానికి ఏడాది నిషేధం. నాకు అయిదేళ్ళు ఏ గ్రౌండులోకీ ప్రవేశం లేదు. బాబాయిని మందలించి మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. దర్జీ షాపు తలుపు మీద నా పేరు రాసి కొట్టేశారని ల్యాబులో చెప్పారు.

సాయంత్రం అక్క వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"ఆ పిల్ల పేపరు చదివింది. నువ్వే ఆ పళ్ళావిడవని నేను చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను."

"ఏమంది?"

"పేపరు మడిచి పక్కన పెట్టింది. తరవాత, అయితే నేను కాలు తప్పు వెయ్యలేదన్నమాట, అంది. రెండుసార్లు అంది. నువ్వు చేసి పంపిన పన్ను బాగా కుదిరిందట, తీయించుకోనంది. కానీ నిన్ను మాత్రం రావద్దంది. ఎప్పటికీ రావద్దంది."

వెళ్ళి కాళ్ళ మీద పడాలని నాలుగు రోజులుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఇక అవి అక్కర్లేదు. అక్క ఒడిలో తలపెట్టి ఏడ్చాను. "ఏడువు," అంది గాని ఊరుకోమని అనలేదు.

మార్చి 15, ఆదివారం

గ్రౌండులోకి రాకూడదన్నారు గాని రోడ్డు మీద నిలబడకూడదని అనలేదు. వెళ్ళాను.

గోడ వెంబడి వంద మంది ఉంటారు. నన్ను చూసి జరిగారు. నాకూ వాళ్ళకీ మధ్య ఒక లారీ పట్టేంత జాగా మిగిలింది.  ఈల మాస్టారు గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు, కామెంటరీ చెప్పడం లేదు. ఒకసారి చెక్క మోగింది. ఈసారి ఎవరూ ఎగరలేదు. మైకు కోసం ఆగారు. వాళ్ళది.

హాఫ్‌టైమ్ హారన్ కొట్టింది. మామూలుగా అప్పుడు టీలకి పోతారు. ఇవాళ ఒక్కరూ పోలేదు. లోపల పంపు గుర్రుమంది. మొదటి చక్రం. పంపు గది వైపు సగం మీద నీళ్ళు పడుతున్న చప్పుడు, మూడు నిమిషాలు. ఆగింది.

ఇక రెండో చక్రం. అందరూ తలలు తిప్పి నా వైపు చూశారు. మాస్టారు కూడా చూశాడు. నేను తల దించుకుని మనసులో చుట్లు లెక్కపెట్టాను, బాబాయి చేతి వేగం నాకు తెలుసు. ఒకటి, రెండు. రెండు దగ్గర ఊపిరి బిగబట్టాను. మూడు, నాలుగు... పన్నెండు.

స్కోరు బోర్డు వైపు నీళ్ళు ఎత్తుగా లేచి దబదబా పడ్డాయి. గాలికి నాలుగు చుక్కలు గోడ దాటి మా మీద కూడా పడ్డాయి. మూడు నిమిషాలూ అందరం కదలకుండా విన్నాం. నీళ్ళు ఆగాక వాళ్ళు టీలకి వెళ్ళారు.